ఊరి మంచి ఒక పేజీ, చెడు రెండు పేజీలు

'పర్లాకిమిడి ఆడపడుచు' అని మాత్రమే సంతకం పెట్టి ఒకావిడ ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. వయసు 38. పెళ్ళై విశాఖపట్నం వచ్చి పన్నెండేళ్ళు దాటింది. భర్త కాకినాడలో పుట్టి పెరిగిన మనిషి, ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. ఈవిడ ఇంటి నుంచే రెండు మూడు దుకాణాలకు జీఎస్టీ లెక్కలు చూస్తారు. ఒక్కడే బాబు, అయిదో తరగతి. తండ్రి నాలుగేళ్ళ కిందట పోయారు. 72 ఏళ్ళ తల్లి ఆంధ్రా సరిహద్దుకు ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో, పాత ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. అన్నయ్య భువనేశ్వర్‌లో స్థిరపడ్డారు. వదిన ఒడియా ఆవిడ, వాళ్ళ పిల్లలకు తెలుగు రాదు.

మొన్న వేసవిలో తల్లి స్నానాలగదిలో జారిపడ్డారు. ఎముక విరగలేదు గానీ, ఎదురింటావిడకు అనుమానం వచ్చి తలుపు కొట్టేదాకా గంటన్నర నేలమీదే ఉండిపోయారు. అప్పటినుంచి అన్నయ్య "ఇల్లు అమ్మేసి అమ్మను నా దగ్గర పెట్టుకుంటా" అంటున్నారు. ఈవిడేమో బాబును తీసుకుని తల్లి దగ్గరికే వెళ్ళిపోవాలనుకుంటున్నారు. భర్తకు ఇష్టం లేదు. "ఏముందా ఊళ్ళో? అటు ఒడిశాకీ చెందరు, ఇటు ఆంధ్రాకీ చెందరు. వాడి చదువు ఏం కాను?" అంటారట. ఒక రాత్రి నిద్రపట్టక నోటుపుస్తకం తీసి ఊరి మంచీ చెడూ రాయడం మొదలుపెట్టారు. మంచి ఒక పేజీ వచ్చింది, చెడు రెండు పేజీలు నిండింది. అది చూసి భర్త "నువ్వే ఒప్పుకున్నావుగా" అన్నారు. ఫొటో తీసి అన్నయ్యకు పంపితే "కన్న ఊరి గురించి ఇలా రాయడానికి చెయ్యెలా వచ్చింది?" అని కోపం తెచ్చుకుని పది రోజులు ఫోన్ చెయ్యలేదు. "మంచి చెబితే ఈయన నవ్వుతారు, చెడు చెబితే అన్నయ్య అలుగుతాడు. నా ఊరి గురించి నిజమేమిటో నాకే తెలీకుండా పోయింది. వెళ్ళనా, మాననా?" అని అడిగారు. ఆ మూడు పేజీలూ ఉత్తరానికి జతచేశారు.

అమ్మా,

మీ ఉత్తరం ఒకసారి, మీ జాబితాలు నాలుగుసార్లు చదివాను. నేను ఒడిశాలోనే, గంజాం జిల్లా బరంపురంలో పుట్టి ఇక్కడే జుట్టు నెరిసినదాన్ని. మీరు రాసిన చాలా మాటలు మా వంటింట్లో విన్నవే. అందుకే మధ్యస్థంగా ఉన్నట్టు నటించను. ఈ ప్రాంతమంటే నాకు ప్రాణం. ఇక్కడ పిల్లల్ని పెంచడం ఎంత కష్టమో కూడా తెలుసు.

ముందు ఆ మూడు పేజీల్లో నాకు కనిపించింది చెబుతాను. మంచి పేజీలో పద్నాలుగు సంగతులున్నాయి. మహేంద్రతనయ గట్టు మీద సాయంత్రాలు, రథయాత్రనాడు కొత్త గౌను, పక్కింటి ఒడియా పిన్ని మార్గశిర గురువారాల్లో బియ్యప్పిండి జారుగా కలిపి వేలికొసతో గుమ్మంలో లక్ష్మీపాదాలు వేయడం, సంక్రాంతికి మీ అమ్మగారు వాళ్ళ వాకిట్లో కూడా ముగ్గు పెట్టి రావడం, నాన్నగారి ఖాతాపుస్తకం. అన్నీ మీకు పద్దెనిమిదేళ్ళు నిండేలోపువే. చెడు పేజీల్లో ఇరవైకి పైగా ఉన్నాయి. పెద్ద ఆసుపత్రి లేదు, ఉద్యోగాలు లేవు, మంచి కోచింగ్ లేదు, తుఫాను, నాన్‌లోకల్, 'మీరు ఎవరి మనుషులు' అన్న ప్రశ్న. వీటిలో చాలామటుకు మీ బాబుకు రేపు రాబోయే పదిహేనేళ్ళ గురించిన భయాలు. అంటే మీరు ఒకే ఊరిని రెండు వైపులా తూచలేదు. మంచి పేజీలో ఉన్నది మీ చిన్నప్పటి ఊరు, చెడు పేజీల్లో ఉన్నది మీ అబ్బాయి పెద్దయ్యే ఊరు. అవి రెండూ ఒకదానికొకటి జవాబు చెప్పవు. రాత్రంతా కూర్చున్నా తేలకపోవడం అందుకే.

ఇంకో సంగతి. మొత్తం మూడు పేజీల్లో మీ అమ్మగారు ఒకే ఒక్క వాక్యంలో ఉన్నారు, 'అమ్మ ఒక్కతే' అని. ఆవిడకు ఆ ఊరు ఏం ఇస్తోందో, ఏం ఇవ్వడం లేదో ఎక్కడా లేదు. మీ అన్నయ్యా మీరూ కలిసి ఆవిడ గురించి రెండు నిర్ణయాలు చేశారు. ఆవిడను అడిగినట్టు ఎనిమిది పేజీల్లో నాకు కనబడలేదు. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

మీ వారి మాట, 'అటూ చెందరు, ఇటూ చెందరు' అన్నది, మీకు బాగా గుచ్చుకుందని అర్థమైంది. అందులో ఊరి తప్పు ఎంతో చూద్దాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడే వరకూ మన గంజాం, మీ పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోవే. గీత గీసినప్పుడు పర్లాకిమిడి పట్టణం ఒరిస్సాలోకి పోయింది, జమీందారీలో ఎక్కువ భాగం మద్రాసు వైపే ఉండిపోయింది. కోట ఒక రాష్ట్రంలో, ఆ కోటకు శిస్తు కట్టిన పల్లెలు ఇంకో రాష్ట్రంలో. ఆ జమీందారు కృష్ణచంద్ర గజపతి గారే 1937లో ఒరిస్సాకు మొదటి ప్రధాని అయ్యారు, అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు. అదే ఊళ్ళో గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో బడిపంతులుగా చేరి, సవర గూడేల మనుషుల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలో పుస్తకాలు రాశారు. అర్ధశతాబ్దం పైగా అక్కడ ఉన్నవారు, ఊరు ఒరిస్సాలో కలిసిన ఏడాదే రాజమండ్రి వెళ్ళిపోయారు. ఒక ఊళ్ళో ఒక్క ఏడాదిలో ఒకరికి అది గెలుపు, ఇంకొకరికి అది ఇల్లు విడిచే రోజు. మీ ఇంట్లో ఇవాళ మీ వారికీ మీ అన్నయ్యకూ మధ్య జరుగుతున్నది కొత్త తగువేం కాదు.

గిడుగువారి పేరు ఎత్తింది గొప్ప చెప్పుకోవడానికి కాదమ్మా. మీ ఉత్తరంలో ఒక భయం ఉంది. వెళ్ళకపోతే ఊరిని వదిలేసినదాన్నవుతానని. ఆయన వదిలి వెళ్ళారు. వెళ్ళిన రెండేళ్ళకు, 1938లో, ఆయన సవర నిఘంటువు అచ్చయింది. పర్లాకిమిడిలో సంపాదించిందంతా ఆయన వెంట రాజమండ్రి వెళ్ళింది. మీరు విశాఖలో ఉండిపోయినా ఊరిని వదిలినట్టు కాదు. ఈ ఒక్క బరువు పక్కన పెట్టేసి మిగతాది చూడండి.

ఇక మీ నాన్నగారి ఖాతాపుస్తకం. దాని గురించి మీరు రాసిన నాలుగు వాక్యాలు ఉత్తరం మొత్తంలో నాకు బాగా నచ్చాయి. బాకీదారుల పేర్లు తెలుగులో, అంకెలు ఒడియాలో. 'కూర్మయ్య' అని గుండ్రటి తెలుగక్షరాలు, పక్కన ఒడియా లెక్కలో బాకీ. ఎందుకలా రాసేవారని అడిగితే "పేరు మనసులోంచి వస్తుంది, లెక్క బజార్లోంచి వస్తుంది" అన్నారని రాశారు. అమ్మా, ఈ సంగతిని మీరు మంచి పేజీలో చివర, పద్నాలుగోదిగా పెట్టారు. చెడు పేజీలో మొదటిది 'రెండు భాషల మధ్య నలిగిపోవడం'. ఆ రెండూ ఒకటే అని మీకు తట్టలేదా?

రెండు భాషల ఊరు ఎవరికి బలం, ఎవరికి బలహీనత అన్నది వాళ్ళు ఏ వయసులో, ఏ బడిలో ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. బజారులో పెరిగిన మీ నాన్నగారికి అది బలం. మా ఊళ్ళో పట్టుచీరలు నేసే దేరా కులంవాళ్ళను చూడండి. తెలుగు మూలాలున్నవాళ్ళు. బరంపురం ఊరంతా రెండేళ్ళకోసారి చేసుకునే బుఢీ ఠాకురాణి జాతర పెద్దరికం వాళ్ళ ఇంటిదే. అక్కడ ఎవరూ వాళ్ళను 'ఎవరి మనుషులు' అని అడగరు. అదే భాష పరీక్షకాగితంలోకి వచ్చేసరికి వేరే కథ. మా తమ్ముడు ఇక్కడ చదివి ఆంధ్రాలో ఒక కాలేజీకి దరఖాస్తు పెట్టాడు. కౌంటరులో ఆయన కాగితం తిప్పి చూసి, ఎర్రసిరాతో 'నాన్‌లోకల్' అని రాసి తిరిగి ఇచ్చాడు. ఇటు ఒడిశాలో ఉద్యోగానికి వెళితే ఇంటర్వ్యూలో వాడి ఒడియా యాసకు నవ్వారు. ఆ ఎర్రసిరా కాగితం మా అమ్మ బీరువాలో చాలాకాలం ఉంది. ఆవిడ దాన్ని ఎందుకు దాచిందో మేము అడగలేదు. కాబట్టి మీ వారి భయాన్ని నేను కొట్టిపారెయ్యను. అయితే ఆ భయానికి లెక్క ఉంది, కొలత ఉంది. కొలిస్తే మీరనుకున్నంత పెద్దది కాదు.

ఆంధ్రాలో 1970ల నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులకు. ఇంజనీరింగు, డాక్టరు లాంటి కోర్సులకు స్థానికుడంటే, అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ళు అక్కడ చదివినవాడు. అర్హత పరీక్ష ఇంటర్ కనుక తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. మీ వాడు ఆరు, ఏడు, ఎనిమిది పర్లాకిమిడిలో చదివి తొమ్మిదికి విశాఖ వచ్చేస్తే సీటు లెక్కలో స్థానికుడే. మిగతా 15 శాతం సీట్లకు, తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్ళు ఉన్నా అర్హత ఉంది. మీరు విశాఖలో పన్నెండేళ్ళుగా ఉన్నారు. ప్రభుత్వోద్యోగాల లెక్క వేరు. అక్కడ పదో తరగతితో ముగిసే నాలుగేళ్ళు చూస్తారు, అంటే ఏడు నుంచి. అది ముఖ్యమనుకుంటే ఒడిశా బడిలో ఒక్క ఏడాదికి మించి ఉంచకూడదు. ఉత్తర్వులు మారుతూంటాయి కాబట్టి చేర్చేముందు ఆ ఏటి నోటిఫికేషన్ ఒకసారి చదువుకోండి.

ఒడిశా వైపు తలుపు సంగతి. అక్కడి ప్రభుత్వోద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి. ఎం.ఇ. స్థాయిలో, అంటే ఏడో తరగతి స్థాయిలో, ఒడియా ఒక భాషగా ప్యాసై ఉండాలి. పదిహేనేళ్ళ తర్వాత మీ వాడు భువనేశ్వర్‌లో ఉద్యోగం చేయాలనుకుంటే ఆ రెండు మూడేళ్ళ ఒడియా చదువు పనికొస్తుంది. చేయాలనుకోకపోతే మేనమామ పిల్లలతో మాట్లాడటానికి పనికొస్తుంది. మీ ఇంట్లో ఇప్పుడు ఆ పిల్లలూ ఈ పిల్లాడూ ఇంగ్లీషులో పలకరించుకుంటున్నారని మీరే బాధపడ్డారు.

ఇంకో దారి కూడా ఉంది. ఇంత పెద్ద ఉత్తరంలో దాన్ని మీరు ఎందుకు రాయలేదో నాకు తెలియలేదు. పాతపట్నం. మీ ఊరి పక్కనే, సరిహద్దు దాటితే శ్రీకాకుళం జిల్లా. మీ చిన్నప్పుడు అటునుంచి ఇటు కాలేజీకి పిల్లలు వచ్చేవారని మీరే రాశారు. ఇల్లు పర్లాకిమిడిలో, బడి పాతపట్నంలో పెట్టుకుంటే స్థానికత పోదు, సిలబస్ మారదు, తెలుగు పోదు. బడిలో ఒడియా రాదు, వీధిలో వస్తుంది. పోగొట్టుకునేది ఏమిటంటే, విశాఖలో ఇప్పుడున్న స్థాయి బడి అక్కడ దొరకకపోవచ్చు. అదొక్కటే మీరు స్వయంగా వెళ్ళి చూసి తేల్చుకోవాల్సింది. ప్రహరీ, రంగులు చూడొద్దు. ఆరో తరగతి లెక్కల నోటుపుస్తకం ఒకటి అడిగి తిరగేయండి. దిద్దిన ఎర్రటిక్కుల కింద తప్పులు మిగిలిపోతున్నాయో లేదో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఆసుపత్రి సంగతి మాత్రం నేను తేలిక చెయ్యలేను. జిల్లా ఆసుపత్రి ఉంది, జ్వరానికీ కట్టుకీ సరిపోతుంది. గుండెకో మెదడుకో వస్తే శ్రీకాకుళమో, విశాఖో, వంద కిలోమీటర్లు దాటి బరంపురమో పోవాలి. 72 ఏళ్ళ మనిషికి ఇది ఆ ఊరి అసలైన బలహీనత. మీరు పక్కన ఉన్నంతమాత్రాన పెద్దాసుపత్రి దగ్గరికి రాదు. అయితే గంటన్నర నేలమీద పడి ఉండటం మాత్రం జరగదు. ఈ రెంటినీ మీరు కలిపేస్తున్నారు. ఒక పని వెంటనే చెయ్యండి. 70 దాటినవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి ఖర్చు చూసే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది, ఒడిశా 2025లో ఆ పథకంలో చేరింది. పథకంలో ఉన్న ఆసుపత్రి వేరే రాష్ట్రంలో ఉన్నా చెల్లుతుంది. ఆధార్ తీసుకుని అమ్మగారి పేర కార్డు చేయించండి. శ్రీకాకుళంలో, విశాఖలో ఏయే ఆసుపత్రులు తీసుకుంటాయో అడిగి, పేర్లు పెద్దక్షరాలతో రాసి ఎదురింటావిడ దగ్గర కూడా ఒక కాగితం ఉంచండి. మీరు వెళ్ళినా మానినా ఈ పని ఆగకూడదు.

తుఫాను గురించి మీరు రాసిన భాగం చదువుతూ కాసేపు ఆగిపోయాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటితే, మీ ఫోను మూడు రోజులు కలవలేదని, నాలుగోరోజు మీ వారే బైకు మీద పాతపట్నం దాకా వచ్చి అక్కణ్ణుంచి నడిచి మీ అమ్మానాన్నలను చూసి వచ్చారని రాశారు. మీ గజపతి జిల్లా కొండల్లో ఆ వానకు కొండచరియ విరిగి గుహలో తలదాచుకున్నవాళ్ళు పోయారు. మాకు 2013లో ఫైలిన్ అలాంటి రాత్రే చూపించింది. తెల్లారి లేచేసరికి మా వీధిలో చెట్టన్నది నిలబడి లేదు. ఇది ఈ తీరం బలహీనతే, విశాఖకూ తప్పలేదు. కానీ ఆ మూడురోజుల కథలో మీ వారు ఉన్నారు చూడండి. 'ఏముందా ఊళ్ళో' అన్న మనిషే కూలిన చెట్ల మధ్య నడిచి వెళ్ళాడు. ఆయనకు ఆ ఊరంటే చులకన అని మీరు రాశారు. నాకలా అనిపించలేదు. ఆయనకు మీరు వెళ్ళిపోతారని భయం. 'నువ్వూ బాబూ లేకుండా నేను ఇక్కడ ఎలా ఉండాలి' అని అనలేక, ఊరి మీద పెట్టి మాట్లాడుతున్నారు. మీరు ఊరిని సమర్థించుకుంటూ జవాబిచ్చినకొద్దీ ఆయన అసలు ప్రశ్న అలాగే ఉండిపోతోంది. ఈసారి ఆయన ఊరి మాట ఎత్తితే ఊరి గురించి జవాబు చెప్పకండి. ఆదివారాలు ఎలా గడుపుకుందాం అని అడగండి. గుణుపురం నుంచి పర్లాకిమిడి మీదుగా విశాఖకు రైలుంది. అందులో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా 1900లో రాజావారు వేయించిన బుల్లి రైలు దారి. ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది. శనివారం ఎక్కి సోమవారం తిరిగి రావడం ఒక ఏడాదికి కష్టమే గానీ చేయలేనిది కాదు. మూడేళ్ళకైతే ఆయన చేయలేరని నా నమ్మకం. సంసారాలు అలా మెల్లగా పలచబడటం నేను చూశాను. మా గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు పోయినవాళ్ళ ఇళ్ళు ఈ వీధిలోనే ఉన్నాయి. డబ్బు నెలనెలా వస్తుంది. పిల్లలు మాత్రం తండ్రి వచ్చినప్పుడు తల్లి వెనక దాక్కుంటారు.

మీ అన్నయ్య కోపం వేరే రకం. ఇల్లు అమ్మేద్దామనేదీ ఆయనే, ఊరిని తిడితే అలిగేదీ ఆయనే. మీకు ఇది రెండు నాలుకల ధోరణిలా కనిపించింది. దూరంగా ఉన్న మనిషికి ఊరు మచ్చలేకుండా ఉండాలి. ఆయన పిల్లలకు తెలుగు రాలేదన్న బాధ కూడా ఆ అలకలో ఉంది, దాన్ని మీ చెడు జాబితాలో 'మా వాళ్ళ పిల్లలకే భాష పోయింది' అని మీరు రాసేశారు. ఆ ఒక్క వాక్యానికి ఆయనకు ఒక మాట చెప్పండి. క్షమాపణే చెప్పండి, నష్టం లేదు.

ఇంటి సంగతి మాత్రం కోపతాపాలకు వదలకండి. పట్టా ఎవరి పేరున ఉందో ముందు చూడండి. అమ్మగారి పేరునే ఉంటే నిర్ణయం పూర్తిగా ఆవిడది. నాన్నగారి స్వార్జితమై, వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, అన్నయ్యకు, మీకు సమాన వాటాలు. ముగ్గురూ సంతకం పెట్టకుండా మొత్తం ఇల్లు అమ్మడం కుదరదు. ఇది అన్నయ్యతో పోట్లాడటానికి చెప్పడం లేదు. అమ్మకం అన్నది రేపే జరిగిపోతుందన్న కంగారుతో మీరు బాబును ఏడాది మధ్యలో బడి మాన్పించకుండా ఉండాలని చెబుతున్నాను.

ఇప్పుడు అమ్మగారి దగ్గరికి వస్తాను. మీకు మూడు దారులున్నట్టు నాకు కనిపిస్తోంది. ఒక్కోదాని ఖర్చు ఒక్కొక్కరు మోస్తారు. ఆవిడ భువనేశ్వర్‌కో విశాఖకో వస్తే ఆసుపత్రి దగ్గరవుతుంది. కానీ పొద్దున్నే ఎదురింటావిడ "ఏటమ్మా, లేచినావా?" అని పిలిచే పిలుపు ఉండదు. అపార్టుమెంటు నాలుగో అంతస్తులో, భువనేశ్వర్‌లోనైతే తెలుగు రాని మనవల మధ్య, టీవీ ముందు కూర్చోవాలి. కొందరు పెద్దవాళ్ళు ఏడాదిలో అలవాటుపడతారు. కొందరు మాట్లాడటమే మానేస్తారు. మీ అమ్మగారు ఏ రకమో మీకు తెలియాలి. మీరు బాబుతో పర్లాకిమిడి వెళితే ఆవిడకు మీరు దొరుకుతారు, మీ వారు ఒంటరవుతారు, బాబు చదువులో మీరు రెట్టింపు కష్టపడాలి. ఎవరూ కదలకుండా ఒక మనిషిని పెట్టి, స్నానాలగదిలో పట్టుకోవడానికి కమ్మీలు వేయించి, జారని బండలు పరిపించి, ముందుగది కాలేజీలో చదివే ఆడపిల్లలు ఇద్దరికి అద్దెకిస్తే ఇంట్లో మనిషి అలికిడి ఉంటుంది. పర్లాకిమిడి 1896 నాటి కాలేజీ ఉన్న ఊరు, పక్కనే విశ్వవిద్యాలయం కూడా వచ్చింది, గది కావాల్సిన పిల్లలకు కొదవ ఉండదు. ఉద్యోగాలు లేని ఊరని మీరు రాసిన ఆ ఊళ్ళోనే చదువుకోడానికి వచ్చే పిల్లలున్నారు. మీ వాడికి పనికిరాని సంగతి మీ అమ్మగారికి తోడు కావచ్చు. ఈ మూడోదారిలో ఖర్చు డబ్బు రూపంలో పడుతుంది, అన్నయ్య దాన్ని పంచుకోవడానికి ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను.

నన్ను ఒకటి ఎన్నుకోమంటే ఎన్నుకోను, అది నా ఇల్లు కాదు. నా మొగ్గు మాత్రం చెబుతాను. మూడో దారితో మొదలుపెట్టండి. అది ఆరునెలల్లో సరిపోలేదని తేలితే, అప్పటికి బాబు అయిదు పూర్తవుతుంది, పాతపట్నం బడి చూసి ఉంటారు, ఒక్క ఆరో తరగతి ఏడాదికి మాత్రమే అక్కడ ఉండి చూడండి. ఇంట్లో ముందే ఒప్పందం చేసుకోండి, ఏడాది అయ్యాక మళ్ళీ కూర్చుని మాట్లాడతామని. అలా పెట్టుకుంటే మీ వారికి గడువు కనబడుతుంది, మీకు కూడా ఊరు ఇప్పుడెలా ఉందో తెలుస్తుంది. మీరు చివరిసారి ఆ ఊళ్ళో వరసగా నెలరోజులు ఉన్నది పెళ్ళికి ముందు.

అన్నిటికన్నా ముందు, ఈ దసరా సెలవులకు బాబుతో వెళ్ళండి. అన్నయ్యను కూడా ఒక్కరోజు రమ్మనండి. అమ్మగారిని 'ఎక్కడుంటావు' అని అడగకండి, ఆ ప్రశ్నకు పెద్దవాళ్ళు "మీ ఇష్టం" అంటారు. మీ అలవాటు ప్రకారం నోటుపుస్తకం తీసి ఆవిడ ముందు పెట్టి, ఆవిడ ఒక మామూలు మంగళవారం పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి తలుపేసుకునేదాకా ఏం చేస్తారో చెప్పించి రాయండి. ఎవరెవరు వచ్చారు, ఎవరితో ఏ భాషలో మాట్లాడారు, ఎప్పుడు భయమేసింది, ఎప్పుడు నవ్వొచ్చింది. మధ్యలో మీరు మాట్లాడకండి. బాబును పక్కనే కూర్చోబెట్టుకుని, నాన్నగారి ఖాతాపుస్తకంలో అంకెలు ఎలా చదవాలో అమ్మమ్మనే నేర్పమనండి. ఆ తర్వాత ఆ నాలుగో పేజీ కూడా నాకు పంపండి. పాత మూడింటి పక్కన పెట్టుకుని చదువుతాను.